తలుపులో బెల్లం

2023 మే నెల. అనకాపల్లి రింగురోడ్డు పక్కన నా కార్ ఆడియో షాపు ముందు బెల్లం వ్యాపారి సత్యనారాయణ గారి కారు ఆగింది. భార్య పార్వతమ్మ గారిని ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఆయన నన్ను పక్కకి పిలిచి, కంపెనీ స్టీరియో తీసేసి గట్టి సెట్ పెట్టమన్నారు.

"మీ పిన్నికి సెవుడొత్తన్నట్టుంది బాబూ. కార్లో పాట పెడితే మాటలు తెలవట్లేదంటాది. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదు. పూర్తిగా పోకముందే నాలుగు పాటలు బాగా వినిపిద్దావని."

ఇంట్లో కూడా ప్రతి మాటా దగ్గరికెళ్లి రెండుసార్లు చెబుతున్నారట. మార్కెట్లో అరిచి అరిచి రాటుదేలిన మనిషి అంత మెత్తగా మాట్లాడుతుంటే నాకు ముచ్చటేసింది. శబ్దానికి బలమిచ్చే యాంప్లిఫయర్ ఒకటి తీసి పెట్టుకుని, ముందు ఆవిడ కూర్చునే వైపు తలుపు విప్పాను.

లోపలంతా చీమలు. స్పీకర్‌లో అదురుతూ శబ్దం పుట్టించే కోన్ పాకంలో ముంచి ఆరబెట్టినట్టు బిగుసుకుపోయింది. శాంపిల్ బెల్లం ముక్కలు ఆ తలుపు జేబులో పడేయడం సావుకారు గారి అలవాటు. తన వైపైతే పంచెకి అంటుకుంటుందని అటు పెట్టేవారు. ఎండకి కరిగి, సందులోంచి స్పీకర్ మీదకి దిగింది. ఆయన వైపు పాట నిక్షేపంగా ఉంది, ఆవిడ వైపే గొణుగుడు.

పిలిచి చూపించాను. ఆయన వంగి, బిగుసుకుపోయిన కోన్‌ని వేలితో తట్టి చూశారు.

"అయితే దాని సెవి బాగానే ఉందా?" అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

"బాగానే ఉంది. ఇందాక మీరు గుసగుసలాడిందంతా వినపడింది" అన్నారు ఫ్యాను కిందనుంచి పార్వతమ్మ గారు.

మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమని ఆయన అడిగారు.

"మీరలా దగ్గరికొచ్చి మెల్లగా మాట్లాడతంటే, వద్దనడానికి మనసొప్పలేదు."

తలుపు కడిగి, రెండు వైపులా కొత్త స్పీకర్లు వేసి, రేకు అదరకుండా డ్యాంపింగ్ షీట్ అంటించాను. యాంప్లిఫయర్ మళ్లీ అరలోకి వెళ్లిపోయింది. పాట పెడితే ఆవిడ పల్లవిలోనే గొంతు కలిపారు. అప్పటినుంచి ఎవరు సౌండ్ పెంచమన్నా ముందు తలుపు జేబులో చెయ్యి పెట్టి చూస్తాను. బెల్లం ఊళ్లో షాపు పెట్టుకున్నాక ఆ మాత్రం తెలియాలి.

ఆ రోజు బయల్దేరేటప్పుడు సత్యనారాయణ గారు మార్కెట్ గొంతుతో "ఎల్దామా?" అన్నారు.

"ఏటి?" అన్నారావిడ.

ఆయన నవ్వి, ఆవిడ వైపు వంగి, మెల్లగా మళ్లీ అడిగారు.