విమానంలోంచి దూకే కుక్కలకు కుట్టిన పట్టీలు

తిరువళ్ళూరులోని నా కుట్టు షెడ్డులో నైలాన్ పట్టీని వేడి కత్తితో కోసినప్పుడల్లా ముక్కు మండే కమురు వాసన లేస్తుంది. అది తగలగానే నాకు ముందుగా వచ్చేది దుఃఖం కాదు, చిరాకు. మునిరత్నం మామ పోయి రెండేళ్ళయినా ఆ చిరాకు పోలేదు. ఆయన నాకు బంధువు కాదు. తిరుత్తణిలో నాకు పని నేర్పిన యజమాని. నేతవారి ఇంట పుట్టి సైన్యంలో చేరి, కుక్కను ఛాతీకి కట్టుకుని పారాచూట్‌తో విమానంలోంచి దూకిన మనిషి. రిటైరై వచ్చాక, అలా దూకే కుక్కలను కట్టే పట్టీలనే కుట్టించేవాడు.

ఆయన దగ్గర పనంటే కుట్టడం కన్నా విప్పడమే ఎక్కువ. చేరిన కొత్తలో ఒకే పట్టీని పొద్దున కుట్టించి, మధ్యాహ్నం విప్పించి, సాయంత్రం మళ్ళీ కుట్టించాడు. "యాడ తప్పు మామా? చెప్తే గదా తెలిసేది!" అంటే, "నీ చేతికి తెలియాల, నా నోటికి కాదు" అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. రేపటి నుంచి రానని ఇంటికి పోయే పళ్ళిపట్టు బస్సులో రోజూ ఒట్టు పెట్టుకునేదాన్ని. మర్నాడు ఆయనకంటే ముందే వెళ్ళి మిషన్ ముందు కూర్చునేదాన్ని.

మొదటి పెద్ద ఆర్డరు పూర్తయిన రోజు, సరుకు కోసం కాంట్రాక్టరు వ్యాను వేసుకుని వచ్చాడు. మామ తన కుక్క రాణికి ఒక జత పట్టీలు తొడిగి దూలం కొక్కేనికి వేలాడదీశాడు. అది ఆయనకేసి చూస్తూ కిమ్మనకుండా వేలాడింది. "చూడండి మామా, ఎంత సుకంగా ఉండాదో" అన్నాను. ఆయన దాన్ని దింపి, ముందరి కాలి చంకలో వేళ్ళు పెట్టి తడిమి, "కుట్టు ఒరుసుకుంటా ఉండాది. అన్నీ ఇప్పు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది అరవనే లేదు గదా! దానికి లేని నొప్పి మీకెందుకు?" అని కాంట్రాక్టరు ముందే కేకలు వేశాను.

"అరవదే పాపా. అదే దాని కర్మ." మామ రాణి మెడ నిమిరాడు. "మోతీ అని నా కుక్క ఒకటి ఉండె. నాతో ఎన్నోతూర్లు దూకింది, ఒక్కతూరి గూడా మూలగలా. ఒకనాడు కిందికి దిగినంక ఇప్పి చూస్తే చంకలో తోలు లేచి మాంసం కనిపిస్తా ఉండె. ఆ పట్టీ సరిచూసి కట్టినోణ్ణి నేనే. మర్నాడు అది కుంటుకుంటా, తోక ఊపుకుంటా వచ్చి మళ్ళీ విమానం కాడ నిలబడింది."

అంతే చెప్పి, కుట్లు విప్పే కొక్కెం నా చేతిలో పెట్టాడు.

వ్యాను ఖాళీగా వెళ్ళింది. మూడు రోజులు విప్పి, లోపల మెత్తటి గుడ్డ వేసి, మళ్ళీ కుట్టాం. కాంట్రాక్టరు సరుకు తీసుకున్నాడు గానీ మరో ఆర్డరు ఇవ్వలేదు. ఏడాది తిరక్కుండా షెడ్డు మూతబడి నా పని పోయింది. "పొరపాటైంది" అని మామ ఒక్కసారైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. పని కోసం తిరువళ్ళూరు బయల్దేరిన నన్ను రైలెక్కించడానికి స్టేషనుకు వచ్చి కూడా, నా సంచి కుట్టు చూసి మొహం చిట్లించాడు.

ఇప్పుడు నా దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు స్కూలు సంచులు కుడతారు. మొన్న, నాకంటే పెద్దదైన సరసమ్మక్క ఒంటికాలితోనే మిషన్ తొక్కుతోంది. ఏమైందని అడిగితే, "ఏం లేదమ్మా, బాగుండా" అంది. ఎవరైనా అలా అంటే నేను నమ్మడం మానేసి చాలా ఏళ్ళయింది. కూర్చోబెట్టి చూస్తే పాదం వాచి, మేకు గుచ్చుకున్న చోట చీము పట్టింది. ఆస్పత్రి దారి పొడుగునా ఆమె నన్ను తిడుతూనే ఉంది. "దీనికి పోయి ఇంత రచ్చా? నీతో వేగలేము తల్లీ!"

ఆటో అతన్ని త్వరగా పొమ్మన్నాను.