మూడో నెల పరీక్షకు ముందే పోయిన డాక్టరమ్మ

ఈ రోజు ఆదివారం. మా ఇబ్రహీంపట్నం డాక్టరమ్మ నిన్న పొద్దున గుండెపోటుతో పోయింది. రేపు మా మనవరాలి రక్తపరీక్ష. దగ్గరుండి చేయిస్తానన్న మనిషి ఇప్పుడు లేదు. మనవరాలు సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

ఆమె క్లినిక్‌లో డాక్టరు కుర్చీ రోగికే. తాను నిలబడి మాట్లాడేది. "కూసున్నోళ్లకు భయం తక్కువ" అనేది. ఫలితం ఎవరిదైనా ఫోన్లో చెప్పేది కాదు, ఎదురుగా చెప్పేది.

మూడు నెలల కిందట మనవరాలు విరిగిన మణికట్టుతో వచ్చి మా గడపలో పడింది. మొగుడు బయట ఆడవాళ్ల దగ్గరికి పోయొచ్చాడని తెలిసి దగ్గరికి రానివ్వలేదు. కొట్టి, చెయ్యి విరిచి, బలవంతం చేశాడు. గదిలో పెట్టి తాళం వేశాడు. ఐదో రోజున తప్పించుకుంది. కట్టు కడుతూ డాక్టరమ్మ పళ్లు కొరికింది.

"మూడు దినాలల్ల వచ్చుంటే హెచ్ఐవీ రాకుండ మందు మొదలుపెడ్తుంటి బిడ్డా. ఇగ పరీక్షలే దిక్కు."

వారానికి ఆ మొగుడు పెద్దమనుషులతో దిగాడు. చేతిలో తన రక్తపరీక్ష రిపోర్టు, ప్లాటు కాగితంలా లామినేషన్ చేయించి.

"ఏ రోగం లేదు, సాఫ్ అని రాసున్నది. పిల్లను తోలుండ్రి."

"కాయితమే చెప్తుంటే ఇంకేందమ్మా?" అన్నాడొక పెద్దమనిషి.

నేను డాక్టరమ్మకు కబురు పెట్టాను. వచ్చి, తనకు వేసిన కుర్చీలో మనవరాలిని కూర్చోబెట్టి, రిపోర్టు చదివింది.

"బయట తిరిగొచ్చిన పది దినాలకే చేయించినవ్. రోగమున్నా గింత జల్ది దొరకదు. కొన్ని రెండు వారాలకు తేల్తయ్. హెచ్ఐవీ, సిఫిలిస్ మూడు నెలలు దాటితేగాని సాఫ్ అనలేం. లామినేషన్ జేస్తే ప్లాటు కబ్జానే ఆగదు, రోగమాగుతదా?"

అతను ఇత్తడి చెంబు విసిరాడు. ఆమె కనుబొమ్మ చీలి నెత్తురు చీర మీదికి కారింది. నా చేతికర్ర అతని మోకాలి మీద విరిగింది. డాక్టరమ్మ కొంగుతో గాయం అదిమిపట్టి, నిలబడే మాట పూర్తి చేసింది.

"మూడు నెలలు పిల్ల ఈడనే. అటెనక పోవుడా వద్దా, అది పిల్ల ఇష్టం."

ఆరు వారాల పరీక్షలో ఏమీ దొరకలేదు. మనవరాలు ఏడుస్తూ కాళ్లు పట్టుకోబోతే డాక్టరమ్మ లేపింది. "సంతోషమే. గానీ అయిపోలే. ఇంకోసారి చెయ్యాలె. నేనుంట గదా."

నిన్న ఆమెను చివరిసారి చూశాను. కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

ఇక జరగవలసినవి:

1. రేపు దవాఖానలో మూడో నెల పరీక్షలన్నీ చేయించాలి.

2. ఫలితం ముందు మనవరాలికే చెప్పాలి, పెద్దమనుషులకు కాదు. రోగం ఉందని తేలితే అదే రోజు మందులు మొదలుపెట్టాలి.

3. చెయ్యి విరిచి బలవంతం చేసినందుకు, చెంబు విసిరినందుకు అతని మీద మేం పెట్టిన పోలీసు కేసు వెనక్కి తీసుకోకూడదు.

4. అక్కడ ఒక్కటే కుర్చీ ఉంటే మనవరాలు కూర్చోవాలి. నేను నిలబడతాను.