మూత వేస్తే ఆగిపోయే క్లౌడ్

నిన్న పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా చూలైలో ఒక బేరింగుల షాపులో స్టూలు మీద కూర్చున్నా. ఎందుకంటారా? చెప్తా వినండి. నవ్వితే మాత్రం ఊరుకోను.

ఆ షాపు నాయుడు అంకుల్‌కి మేం ఆర్డర్ల యాప్ చేశాం. యాప్‌నీ, దానికి కావాల్సిన సరంజామానీ కలిపి ఒక డబ్బాలో సర్దేశాం. దాన్నే కంటైనర్ అంటాం. ఆ డబ్బాని ఏ క్లౌడ్‌లో నడపాలన్నదే ప్రశ్న. క్లౌడంటే ఎక్కడో కంపెనీవాళ్లు అద్దెకిచ్చే కంప్యూటర్లే. ఒకదాంట్లో మిషన్లన్నీ మనమే చూసుకోవాలి. రెండోదాంట్లో డబ్బా ఇచ్చేస్తే చాలు, మిగతాది వాళ్ల తలనొప్పి. మా మేనేజర్ రమణి మేడమ్ "నువ్వే తేల్చు" అంది. నన్నే అడిగాక ఇంకేముంది.

రెండిట్లోనూ పెట్టి మూడు రోజులు టెస్ట్ చేశా. రెండోది అలా నొక్కితే ఇలా తెరుచుకుంటోంది. మీటింగ్‌లో అరగంట లెక్చర్ ఇచ్చా. "ఈ స్పీడ్ చూశాక ఇంక ఆలోచించే పనే లేదు మేడమ్." అందరూ తలూపారు. ఆ లింకే అంకుల్‌కి పంపా. నిన్నటి నుంచి నోటుబుక్కు మానేసి అంతా యాప్‌లోనే అని ఆయన డీలర్లందరికీ చెప్పేసుకున్నాడు పాపం.

మొదటి రోజు కదా, పక్కనుండి చూద్దామని ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టుకుని పెరంబూరు నుంచి ఆటోలో పోయా. అంకుల్ ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"పొద్దున బాగానే ఉండె పాపా. అరగంట నుంచి తెరుచుకోలా. డీలర్లు ఒకటే ఫోన్లు."

"మీ నెట్ స్లో అయ్యుంటుంది అంకుల్" అని ధీమాగా ల్యాప్‌టాప్ తెరిచి హాట్‌స్పాట్ కలిపా. "ఆ, వచ్చిందే" అన్నాడు. నేను చెప్పలేదా అని మూత వేశా. "మళ్లా పోయింది పాపా." తెరిచా. వచ్చింది.

అప్పుడు వెలిగింది. నెల కిందట అంకుల్‌కి శాంపిల్ చూపించడానికి యాప్‌ని నా ల్యాప్‌టాప్‌లోనే నడిపి, దానికే ఒక లింక్ తగిలించా. రెండో క్లౌడ్ అనుకుని మూడు రోజులూ నేను టెస్ట్ చేసింది దాన్నే. నా ఒళ్లో ఉన్న మిషన్ స్పీడుగా రాక ఏం చేస్తుంది? సిగ్గుతో చచ్చిపోయా.

అప్పటికే పడిన ఆర్డర్లన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. మధ్యలో మారిస్తే గల్లంతవుతాయి. ఉన్నదున్నట్టు ఒప్పేసుకున్నా. అంకుల్ స్టూలు లాగాడు.

"అయితే షాపు మూసేదాకా నువ్వు ఈడనే కూర్చో. మూత మాత్రం వెయ్యొద్దు."

మధ్యాహ్నం మేడమ్ ఫోన్. "ఎట్లా ఉంది మన క్లౌడ్?"

"బానే ఉంది మేడమ్. ఇప్పుడే పెరుగన్నం తింది."