తోక దగ్గరి పసుపు మచ్చ

తెల్ల ఎలుక నడినెత్తిన పసుపు కనబడగానే చేతిలోని పాలగ్లాసు కింద పెట్టేశాను. బడి నుంచి వచ్చిన పాప దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. పాప చూపుడువేలికీ పసుపే.

"వేలికేమైంది?"

పాప నానమ్మ వైపు చూసింది. "నిన్న జర కొరికింది. నీకు చెప్తే నాయిన ఎల్కను తీస్కపోతడని చెప్పలె."

మా ఆయన వికారాబాద్‌లోనే ఒక పరిశోధనశాలలో పని చేస్తారు. అక్కడ ఎలుకలకు మలేరియా ఎక్కించి మందులు పరీక్షిస్తారు. జబ్బు ఎక్కించినవాటికి పసుపురంగు గుర్తు పెడతారు. పెళ్ళయిన కొత్తలో నాకు చూపించారు కూడా. పిల్లలు అడిగారని మూడు రోజుల కింద ఈ ఎలుకను తెచ్చి, ఇది జబ్బు లేని బోనులోది అన్నారు.

తాండూరు నుంచి వచ్చిన మా అత్తగారు తమలపాకుకు సున్నం రాస్తూ నవ్వింది. "గా పసుపు నేనే వెట్టిన. వినాయకుని వాహనం ఇంటికొస్తె బొట్టు వెట్టకుంట ఉంటమా? పోరి వేలికి గూడ నేనే అద్దిన. కాలేజీ సదివి ఎల్కకు భయపడ్తవేందే?"

నమ్మాలనే ఉంది. ఆమె డబ్బాలోంచి కాస్త సున్నం తీసి, తడిపి, ఎలుక తల మీద రాశాను. ఎర్రబడింది. పసుపే. కింద వదలబోతుంటే తోక మొదట్లో ఇంకో మచ్చ కనబడింది.

"అత్తమ్మా, ఇక్కడ గూడ పెట్టిన్రా?"

"తోకకెవరు వెడ్తరే బొట్టు?"

అక్కడా సున్నం రాశాను. రంగు మారలేదు.

దీపాలవేళకు ఆయన వచ్చారు. ఆ మచ్చ చూపిస్తే చెప్పులు విప్పకుండానే నిలబడిపోయారు.

"మందుతోని నయమైంది. పరీక్ష అయినంక చంపాలె. చెయ్యి రాలె, తెచ్చిన. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలె. ఎల్కల మలేరియా మనుషులకు రాదు."

"ఎవరి మీద చూసిన్రు?"

ఆయన సంచిలోంచి సూది తీసి, కాల్చి, పాప రెండో చేతి వేలు గుచ్చి గాజుపలక మీద చుక్క రక్తం తీసుకున్నారు. రోజూ ఇట్లా చూస్తానన్నారు. పాప ఏడవలేదు.

"నాకు గూడ రంగు వెడ్తవా, నాయినా?" అంది.

అత్తగారు ఆకు నమలడం ఆపేసింది.

ఇది జరిగి నాలుగు రాత్రులు. ఇంతవరకు గాజుపలకల మీద ఏమీ కనబడలేదంటారు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే మూడుసార్లు లేచి పాప నుదురు తాకి వచ్చాను. నా చెయ్యే వేడిగా ఉందేమోనని గోడకు ఆనించి మళ్ళీ తాకాను.

మొదటిసారి రక్తం తీసిన మర్నాడు పిల్లలు లేవకముందే ఆయన ఎలుకను డబ్బాలో పెట్టుకుని వెళ్ళిపోయారు. లేస్తూనే పాప తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. కరిచినందుకేనా తీసుకుపోయింది అని పాప అడిగింది.

కాదన్నాను. దాని తప్పేమీ లేదనీ, పెద్దవాళ్ళం మేమే నిజం చెప్పలేదనీ, అది మళ్ళీ రాదనీ చెప్పాను. ఇకమీదట ఏది కరిచినా, ఒళ్ళు వెచ్చబడినా ముందు నాకే చెప్పమన్నాను. చెప్తే మళ్ళీ ఏదైనా తీసుకుపోతారా అని పాప అడిగితే, పోవచ్చు, అయినా చెప్పమన్నాను.