టిప్పర్ కొడితే ఆగాలె

మా ఆఫీసులో సైకిలంటే మహా భక్తి. శని, ఆదివారాల్లో పెందలాడే లేచి, మోటారు సైకిల్ కన్నా ఖరీదైన సైకిల్ని కారు మీదికెక్కించి, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్ళ కోసం కట్టిన దారి దాకా ఊరేగిస్తారు. అక్కడ సోలార్ పలకల నీడలో గంటసేపు తొక్కి, ఇడ్లీలు తిని, ఫొటోలు పెట్టి, మళ్ళీ దాన్ని కారెక్కించి ఇంటికొస్తారు. వీళ్ళు సైకిల్ మీద వెళ్ళిన దూరం కన్నా వీళ్ళ సైకిల్ కారు మీద వెళ్ళిన దూరమే ఎక్కువ. సోమవారం ఆఫీసుకు కూడా దాని మీదే రావచ్చుగా అంటే, ఈ ట్రాఫిక్‌లోనా, పిచ్చా అంటారు.

అలాంటి చోటికి ఆవిడ వచ్చింది. మా క్లయింటు కంపెనీ తరఫున మూడు నెలల పని మీద వాళ్ళ దేశం నుంచి వచ్చిన యాభై ఏళ్ళ మనిషి. కొండాపూర్ గెస్ట్‌హౌస్‌లో దింపగానే, ఇక్కడ సైకిల్ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. మీకు క్యాబ్ పెట్టామండీ అంటే నవ్వి మళ్ళీ అదే అడిగింది. వాళ్ళ ఊళ్ళో నడక నేర్చినప్పటి నుంచీ సైకిలేనట. మా మేనేజరుకి చెమటలు పట్టాయి. ఆవిడకేమన్నా అయితే ప్రాజెక్టు పోతుందని ఆయన బెంగ, పాపం ఆవిడ పోతుందని కాదు. అడ్మిన్‌లో ఉన్న పాపానికి ఆవిడ క్షేమం నా నెత్తిన పెట్టాడు.

నేను కాకినాడలో ఏడో తరగతిలో సైకిల్ దిగినదాన్ని, మళ్ళీ ఎక్కలేదు. నల్లగండ్ల నుంచి కారులో అద్దాలెత్తుకుని వస్తాను. ఆ అర్హతతోనే, ఇక్కడ సైకిలెలా తొక్కాలో ఆవిడకు చెప్పడానికి ఇరవై రెండు స్లైడ్లు తయారుచేశాను. వారాంతపు వీరులందరూ తలా ఒక చెయ్యి వేశారు. హెల్మెట్, మెరిసే జాకెట్, మోచేతులకు తొడుగులు, ఎంతసేపటికోసారి నీళ్ళు తాగాలో, అన్నీ పెట్టాం. ఎడమకు తిరిగేటప్పుడు చెయ్యి ఎలా చాపాలో బొమ్మ కూడా వేయించాను. మన రోడ్డు మీద చెయ్యి చాపితే ఆటో వచ్చి ఆగుతుందన్న సంగతి నాకు తట్టలేదు.

మా గేటు దగ్గర సెక్యూరిటీలో ఒకాయన ఉండేవాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి, ఇంచుమించు ఆవిడ ఈడువాడు. హవాయి చెప్పులేసుకుని, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకుని, రోజూ హఫీజ్‌పేట్ నుంచి పాత సైకిల్ మీద వచ్చేవాడు. లోపలి స్టాండు ఉద్యోగులకు మాత్రమే కాబట్టి దాన్ని బయట కరెంటు స్తంభానికి గొలుసేసి కట్టేవాడు. అంత ఆఫీసులో ఆ రోడ్డు మీద నిజంగా సైకిల్ తొక్కేది ఆయనొక్కడే. ఆయన్ని ఒక మాట అడుగుదామని మాలో ఒక్క మేధావికీ తోచలేదు.

ఆయనే వచ్చాడు. ఒక పొద్దున గేటు దగ్గర కారాపితే కిటికీ పక్కకొచ్చి ఏదో చెప్పబోయాడు. ఏసీ చల్లదనం పోతుందని అద్దం నాలుగు వేళ్ళే దించాను.

"మేడం, గా తెల్ల మేడంకు జర చెప్పుండ్రి. టిప్పర్ కొడితే ఆగాలె. ముందుకు పోవద్దు."

"టిప్పర్ లారీ కొడితే ఎవరైనా ఆగుతారు. ఆగక ఏం చేస్తారు?" అన్నాను.

"గంతే మేడం, గంతే," అని సంతోషంగా తలూపి గేటెత్తాడు.

క్యాంటీన్‌లో ఆయన యాసతో సహా చెప్పాను. టేబులంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వారం తిరిగేసరికి అది మా ఆఫీసు సామెతైపోయింది. సర్వరు పడిపోయినా, ఎవరికన్నా ప్రమోషన్ తప్పిపోయినా, "టిప్పర్ కొడితే ఆగాలె" అనుకోవడమే. అంత మంచి జోకు కట్టినందుకు నాకు గర్వంగా కూడా ఉండేది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా దగ్గర చెప్పేవాడే లోకువ, యూనిఫాం వేసుకుని గేటు దగ్గర నిలబడినవాడైతే.

పన్నెండు రోజులు ఆవిడ సైకిల్ మీద క్షేమంగా వచ్చింది. పదమూడో రోజు, మా గేటు ఎదురుగా ఉన్న యూటర్న్ దగ్గర రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. టిప్పర్ కూడా కాదు, ఎవరినో ఆఫీసులో దించడానికి పోతున్న క్యాబ్. సెక్యూరిటీ ఆయనే పరిగెత్తి, బళ్ళన్నీ ఆపి, ఆవిడని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను వెళ్ళేసరికి కట్లు కడుతున్నారు. నేను స్లైడ్లో పెట్టి మరీ కొనిపించిన హెల్మెట్‌కి గీత కూడా పడలేదు. విరిగింది మణికట్టు, మెడ కింది ఎముక. డ్రైవరు బ్రేకు తొక్కడం ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఆవిడ ఉండేది కాదు.

ఆవిడకు నొప్పి కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "అతను లైట్లు వేసి నన్ను వెళ్ళమన్నాడు. నేను చెయ్యెత్తి థాంక్స్ కూడా చెప్పాను. మరి ఎందుకు గుద్దాడు?" అని అడిగింది.

వాళ్ళ దేశంలో ఎదుటి బండి లైట్లు ఆర్పి వెలిగిస్తే, నేనాగాను, నువ్వు వెళ్ళు అని అర్థమట. ఇక్కడ నేనాగను, నువ్వే ఆగు అని. ఇది ఈ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. నేనూ రోజూ కొడతాను. ఆ ఇరవై రెండు స్లైడ్లలో అది లేదు. డ్రైవర్లు దానికో పేరు కూడా పెట్టారు, డిప్పర్ కొట్టడం అని ఆవిడకు చెప్పబోయాను.

డిప్పర్ అన్న మాట నా నోట్లోంచి వచ్చాక గానీ, ఆ రోజు నాలుగు వేళ్ళ సందులోంచి విన్నదేమిటో నాకు తట్టలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం కారు దిగి, నడిచి గేటు దగ్గరికెళ్ళాను. "మేడం చెయ్యి ఎట్లున్నది?" అని ఆయనే ముందడిగాడు.

"నువ్వు ఆ రోజు చెప్పింది డిప్పరా?"

"అవ్ మేడం, డిప్పరే. మీకు సమజైందనుకున్న." ఆయన మొహంలో కోపం లేదు, ఏదో తేడా వచ్చిందన్న అనుమానం మాత్రం ఉంది. "లోపలికి పోయేటోళ్ళు, బయటికొచ్చేటోళ్ళు, అందరు గదే మాట అనుకుంట నవ్వుకుంట పోతుంటిరి. మంచిగ అందరికి నేర్పిన్రు, గా మేడంకు గూడ చెప్పే ఉంటరు అనుకున్న."