జుల్మీరా ఇంటి పరదేశి

రాటర్‌డామ్ ఓడల్లో ముప్పై ఏళ్లు వంట చేసిన అర్లిందు మా బ్రావా దీవికి తిరిగొచ్చి, పర్యాటకుల కోసం నాలుగు గదుల లాడ్జీ, కింద హోటలూ పెట్టాడు. గదులు నిండాయి. హోటల్లో మాత్రం ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. ఎందుకంటే పక్కింటి జుల్మీరా, గుమ్మం ముందు నడిచిన ప్రతి పరదేశినీ పిలిచి, మొక్కజొన్నలూ చిక్కుళ్లూ ఉడికించిన కచూపా ఊరికే పెట్టేది. మా దీవిలో ఎవరైనా చేసేదే అది. అర్లిందే మరిచిపోయాడు.

ఓ పొద్దున వెళ్లి కేకలేశాడు.

"నా పొట్ట కొడుతున్నావేంటక్కా! నువ్విలా పెడితే నా దగ్గరెవడు తింటాడు?"

ఆమె గరిటె ఆపలేదు.

"నువ్వు పడవ దిగిన రోజు కూడా ఎవడో పరదేశి అనుకునే పిలిచాన్రా తమ్ముడూ. రెండోసారి వడ్డిస్తుంటే గానీ గుర్తుపట్టలేదు. కూర్చో, చల్లారిపోతుంది."

అర్లిందు కూర్చున్నాడు.