పదకొండు ఓట్ల తేడా

వెంకటరమణమ్మ రొంపిచెర్ల మండలంలోని తమ ఊరికి ఐదేళ్లు సర్పంచిగా చేసింది. పొద్దున్నే మిరపచేలో కూలీలకు పని అప్పజెప్పి, చెప్పులు కూడా మార్చుకోకుండా పంచాయతీ ఆఫీసుకు వచ్చే మనిషి. మళ్లీ గెలుస్తానన్న ధీమాతోనే నిలబడింది. పదకొండు ఓట్లతో ఓడిపోయింది.

పోలింగుకు మూడు రోజుల ముందు ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక గొంతు వినిపించింది. రమణమ్మ పశువుల బీడును సున్నపురాయి క్వారీకి రాసిచ్చేసిందని ఆ గొంతు చెప్పింది. అందులో ఒక్క ముక్క నిజం లేదు. అది పంపిన నంబరు మన దేశానిది కాదు. తెలుగే కానీ ఏ ఊరి యాసా కాదు. రమణమ్మ దాన్ని పదేపదే విన్నది. ఆ మనిషి మధ్యలో ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు; అసలు మనిషేనా అనిపించింది.

ఇది గెలిచిన అపర్ణ పనే అనుకుంది. తర్వాత క్వారీ వాళ్లదేమో అనుకుంది. చివరికి తన వెంట తిరిగిన వాళ్ల మీదా అనుమానం పడింది.

నరసరావుపేటలో వకీలు ధనుంజయరావు అంతా విని, ఎన్నిక రద్దు చేయమని పిటిషన్ వేయవచ్చన్నాడు. "కానీ విన్నామంటే చాలదమ్మా. అది విని ఓటు మార్చుకున్నామని బోనెక్కి చెప్పేవాళ్లు కావాలి. ముప్పై రోజులే గడువు."

రమణమ్మ ఇల్లిల్లూ తిరిగింది. అందరూ "నీకే వేశాం" అన్నారు. అందరూ వేస్తే ఎట్లా ఓడిపోయానని ఒక్కొక్కరి కళ్లలోకి చూసి వచ్చేది.

బట్టలు కుట్టే మహమూదా మాత్రం మిషను ఆపి, "నీకెయ్యలేదక్కా" అంది.

"ఆ ఫోనులో విన్నదానికేనా?"

"విన్నా. నమ్మలా. మా వీధి కుళాయి కోసం రెండేళ్లు తిరిగా. రేపు రా అన్నావు. అది నాకు ఫారిన్ వాడు చెప్పాలా?"

రమణమ్మ లేచి బయటికి నడిచింది. అదే వీధి చివర అంకమ్మ తనే పిలిచి కూర్చోబెట్టింది. ఆమెకు నాలుగు గేదెలున్నాయి. బీడు లేకపోతే వాటికి మేత లేదు. "నేను నమ్మానమ్మాయ్. నీకే వేద్దామనుకున్నా, అది విని మానుకున్నా. కోర్టులో చెప్పమంటే చెప్తా."

గడువు ఆఖరి రోజున ఇద్దరూ నరసరావుపేట బస్సెక్కారు. ధనుంజయరావు కాగితాలు సిద్ధంగా పెట్టాడు. అంకమ్మ వాటివైపు చూసి అడిగింది.

"నా ఓటొక్కటే కొట్టేస్తారా అయ్యా?"

"కాదమ్మా. ఎన్నికే రద్దు. అందరివీ పోతాయి."

"మహమూదాదీనా? ఆమె నమ్మలేదంటగా."

వకీలు రమణమ్మవైపు చూశాడు. మహమూదా లాంటి వాళ్లు ఎంతమంది, అంకమ్మ లాంటి వాళ్లు ఎంతమంది? నమ్మినవాళ్లు పదకొండు దాటారని ఆమె గుండె చెబుతోంది. ఒట్టు వేసి చెప్పమంటే మాత్రం తనకే నోరు రాదు. పట్టుకున్న కలం కింద పెట్టేసింది.

"ఆ గొంతు ఎవరిదో తేల్చమని పోలీసులకు రాయండి. ఎన్నిక జోలికి వద్దు" అంది చివరికి.

"ఏందమ్మాయ్, నా మాట చాలదా?" అంది అంకమ్మ.

"నీ మాట నిజమే పిన్నీ. నీ ఒక్కదాని మాట పట్టుకుని ఊరందరి ఓట్లూ ఎట్లా కొట్టేయమంటా?"

మూడు నెలలకు పోలీసులు కబురు చేశారు. ఆ నంబరు ఇంటర్నెట్‌లో ఎవరో అద్దెకు తీసుకున్నదట, ఇప్పుడు పనిచేయడం లేదట. అంతకు మించి తెలియలేదు.

ఆ తర్వాత జరిగిన గ్రామసభలో రమణమ్మ లేచి నిలబడింది. బీడును ఏ క్వారీకీ ఇవ్వబోమని తీర్మానం రాయమంది. అపర్ణ తడుముకోకుండా రాయించి, మొదటి సంతకం తానే పెట్టి, కాగితం ఆమెకు అందించింది.

రమణమ్మ సంతకం పెట్టే ముందు అపర్ణ ముఖంలోకి చూసింది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఏ పాపమూ ఎరగకనో, ముందే అన్నీ ఆలోచించుకునో ఆమెకు అంతుపట్టలేదు. తీర్మానాన్ని మొదటి నుంచి రెండుసార్లు చదువుకుని, అప్పుడు సంతకం చేసింది.